కిటికీ పక్కన పెంచలమ్మ

ఖాదర్‌బీ రోజంతా ఫోను చేస్తుంది, కానీ మాట్లాడదు. ఉదయగిరిలో ఆమె ఇంటి వసారా ముందు నుంచి పోయేవాళ్లందరికీ ఇది అలవాటైపోయిన వింత. పొద్దున్నే చాయ్ తాగి, చాప పరుచుకుని, ఒళ్లో పాత గుడ్డ వేసుకుని, చెక్క స్పూను చేతికి తీసుకునే ముందు ఆమె ఆత్మకూరుకు ఫోను కలుపుతుంది. అవతల ఎత్తగానే స్పీకరు పెట్టి, ఫోనును పీట మీద గోడకు ఆనించి, ఆకురాయి అందుకుని స్పూనును నునుపుగా రాయడం మొదలుపెడుతుంది. కర్... కర్... కర్... అన్నానికి లేచినా ఫోను కట్ చేయదు. సాయంత్రం అసర్ నమాజు వేళకు పని ఎత్తేస్తూ "పోయొస్తా మే" అని ఒక్క మాట అంటుంది, అంతే. అన్‌లిమిటెడ్ అని ప్యాక్ పెట్టిన కంపెనీవాడు ఈమెను ఒక్కరోజు చూసి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకుని ఉండేవాడు.

అవతల ఆ చప్పుడు వినే మనిషి పేరు పెంచలమ్మ.

ఖాదర్‌బీ ఆ ఇంటికి కోడలై వచ్చిన కొత్తలో అత్తగారు ఆమె చేతికి గాజులకన్నా ముందు ఆకురాయి ఇచ్చిందని చెప్పుకుంటారు. కొండ అడవి నుంచి వచ్చే నర్ది కొయ్యను నీడలో నెలల తరబడి ఆరబెట్టాలి. మగవాళ్లు దాన్ని రంపంతో కోసి, ఉలితో స్పూనులు, ఫోర్కులు, గరిటెలు చెక్కి పడేస్తారు. వాటిని ఆకురాయితో నునుపు చేసి, ఉప్పుకాగితం రుద్ది, పిడికి చేప రూపమో పువ్వు రూపమో తెచ్చి, ఒక వస్తువులా నిలబెట్టడం ఆడవాళ్ల వంతు. పక్క వీధి పెంచలమ్మ కూలికని వచ్చి ఆ వసారాలో కూర్చుంది. చేతికి పని పట్టుబడింది, నోటికి స్నేహం పట్టుబడింది, ఇక లేవలేదు. ఒకామె పెనిమిటి పోయినా, ఇంకొకామె పెనిమిటి పోయినా, ఆ చాప మాత్రం రోజూ పరుస్తూనే ఉన్నారు.

పెంచలమ్మకు ఒక పిచ్చి ఉండేది. చెయ్యి పనిలో పడి, రెండు ఆకురాళ్లూ ఒకే వేగం అందుకున్నాక, తల ఎత్తకుండానే అడిగేది.

"ఇయ్యాల యాడికి పోదాం మే?"

"నువ్వే చెప్పు" అనేది ఖాదర్‌బీ.

ఇక బయలుదేరేవాళ్లు. ఎక్కువగా రైలు. ఆ రైలును నడిపేది పెంచలమ్మే, టిక్కెట్టు కొట్టేదీ ఆమే, కిటికీ పక్కన కూర్చునేదీ ఆమే. "కిటికీ పక్కన నేను గూర్చుంటా. నువ్వు ఇట్టా నా పక్కన గూర్చో" అని మొదట్లోనే తేల్చేసేది. కృష్ణ మీద వంతెన దాటేవాళ్లు. పేరు తెలియని అడవుల్లోంచి పోయేవాళ్లు. ఢిల్లీలో దిగి, చలికి వణికి, వేడివేడి చాయ్ తాగి, సాయంత్రానికి వసారాకు తిరిగొచ్చేవాళ్లు. నిజానికి ఇద్దరిలో ఎవరూ నెల్లూరు దాటి ఎరుగరు. అయినా రోజూ ఒళ్లో రాలే చెక్కపొడిని దులుపుకుంటుంటే, దూరం నుంచి వచ్చిన దుమ్ము దులుపుకున్నట్టే ఉండేది వాళ్లకు.

పెంచలమ్మ కొడుకు పెంచలప్రసాద్‌కు ఆత్మకూరు డిపోలో కండక్టరు ఉద్యోగం వచ్చింది. కోడలు అశ్విత మంచిపిల్ల, అత్తను ఒంటరిగా ఎందుకు వదులుతాం అంది. పెంచలమ్మ తన ఆకురాయి, ఒక సంచెడు చెక్కిన స్పూనులు తీసుకుని ఆత్మకూరు బస్సెక్కింది. పోయిన మర్నాడే ఫోను చేసింది.

"పక్కన చప్పుడు లేకపోతే చెయ్యి సాగడంలేదే. నువ్వు మాట్లాడబాకు. ఊరికే ఫోను పక్కన పెట్టుకుని నీ పని నువ్వు జేసుకో."

అలా మొదలైంది ఆ ఫోను. ఇక్కడో ఆకురాయి, అక్కడో ఆకురాయి, మధ్యలో బస్సు దారంతా ఒక పొడుగాటి వసారా.

కిందటి ఎండాకాలంలో ఒక చప్పుడు ఆగిపోయింది. పెంచలమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక ఆమె కిటికీ దగ్గర మంచంలో పడుకుని, పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. పిలిస్తే పలకదు, ఎడమ చెయ్యి బాగున్నా కదపదు. ఒకరోజు అశ్విత ఏ ఆశా లేకుండానే ఉదయగిరికి ఫోను కలిపి దిండు పక్కన పెట్టింది. అటునుంచి ఖాదర్‌బీ ఏడుస్తూ, ఏం మాట్లాడాలో తెలియక, చేతిలో ఉన్న స్పూనే రాయడం మొదలుపెట్టింది. దుప్పటి మీద పెంచలమ్మ ఎడమ చేతి వేళ్లు కదిలాయి. చప్పుడు ఎంత వేగంగా వస్తే అంత వేగంగా, ముందుకీ వెనక్కీ.

"అత్త వేళ్లు ఆడిస్తాండాది! ఆపబాకండి, ఆపబాకండి!" అని అరిచింది అశ్విత.

కాళ్లూ చేతులూ ఆడించడానికి వచ్చే డాక్టరమ్మ కూడా, ఏ చప్పుడుకు కదుపుతుందో ఆ చప్పుడే వినిపించండి అంది. ఆరోజు నుంచి ఖాదర్‌బీ ఆపలేదు. జ్వరమొచ్చినా కాసేపు రాసింది. పండుగనాడు కూడా సేమ్యా పొయ్యి మీద పెట్టి వచ్చి కాసేపు రాసింది. ఆ చప్పుడు ఆగిన రోజున ఆ వేళ్లు కూడా ఆగిపోతాయని ఆమె భయం. ఈ భయాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు కానీ, దాన్ని పక్కన పెట్టుకునే నిద్రపోయేది.

ఇలాంటి సమయంలో ఢిల్లీ పిలుపు వచ్చింది.

చేతిపనుల ప్రదర్శనలో ఉదయగిరి చెక్క స్పూనులకు ఒక స్టాలు ఇచ్చారు, ఎవరైనా వచ్చి జనం ముందు కూర్చుని చేసి చూపించాలి, ఖాదర్‌బీ పోవాలి అన్నారు. ఖాదర్‌బీ పోనంది. కూతురు నజ్నీన్ బతిమాలింది, కోప్పడింది, అలిగి అన్నం మానేసింది. చివరికి అశ్విత ఫోనులో ఒక మాట అంది.

"ఆ సంగతేందో అత్తకే చెప్పండి. ఇంటాది గదా."

ఖాదర్‌బీ ఆకురాయి పక్కన పెట్టి, ఫోనుకు దగ్గరగా వంగి చెప్పింది. "మే పెంచలా, ఢిల్లీకి రమ్మంటాండారు. నిజం రైలే. నేను పోనని చెప్పేసినా."

అటునుంచి ఠక్ ఠక్‌మని చప్పుడు వచ్చింది. తర్వాత అశ్విత గొంతు మెల్లగా వచ్చింది. "మంచం పట్టీ మీద కొడతాండాది. గట్టిగా. కోపమొచ్చినట్టుండాది మీ మీద."

ఖాదర్‌బీకి ఆ కోపం తెలుసు. కిటికీ పక్క సీటు తీసుకునేటప్పటి కోపం అది. కళ్లనీళ్లు తుడుచుకుని, "సరేలే, ఇద్దరం పోదాం. నువ్వు ఫోనులో రా" అంది.

అలా పవర్ బ్యాంకు అవసరం పడింది. ఖాదర్‌బీ ఫోను పాతది, రోజంతా మాట్లాడీ మాట్లాడక దాని బ్యాటరీ నీరసించిపోయింది. ఇంట్లో అయితే వైరు గోడకు పెట్టే ఉంటుంది. రైల్లో రెండు రోజులు, స్టాలులో వారం రోజులు, గోడ ఎక్కడ దొరుకుతుంది? పెద్దది, ఎక్కువ చార్జింగు పట్టేది కొనాల్సిందేనని నజ్నీన్ చెప్పింది. ఇద్దరూ ఆత్మకూరు పోయి, పెంచలమ్మను చూసి, ఆమె జుట్టు దువ్వి, అశ్విత పెట్టిన అన్నం తిని, బస్టాండు పక్కన సురేంద్రబాబు సెల్ షాపుకు వచ్చారు.

సురేంద్రబాబు నిదానస్తుడు. ప్రయాణం ఎన్నాళ్లు, ఫోను ఏది, ఎన్ని ఫోన్లకు పెడతారు అని అన్నీ అడిగి, ఒక నల్లటి పవర్ బ్యాంకు తీసి ఖాదర్‌బీ చేతిలో పెట్టాడు.

"ఇరవై వేల ఎంఏహెచ్‌ది పెద్దమ్మా. మీ ఫోను మూడు నాలుగు సార్లు నిండతాది. ఇది నిండాలంటే మాత్రం రాత్రంతా ప్లగ్గుకు ఉండాల. ఆ ఓపిక ఉంటే రెండు రోజులు చూసుకోనక్కర్లేదు."

ఖాదర్‌బీ దాన్ని అరచేతిలో పైకీ కిందికీ ఆడించి చూసింది. ఇటుకరాయిలా ఉంది. ఆమె మొహం మారింది. అద్దాల బీరువాలో కిందనున్న ఇంకోదాన్ని చూపించి, అదివ్వు అంది. తెల్లగా, బంగారు అంచుతో, మీద యాభై వేలు అని పెద్ద అక్షరాలతో ఉంది. చేతిలో పెట్టుకుంటే పూరీలా తేలిగ్గా ఉంది. వేలి కణుపుతో తట్టింది. టకీమని పలికింది. ఆమె మొహం వికసించింది.

"ఇదే గావాల."

"అది వద్దు పెద్దమ్మా" అన్నాడు సురేంద్రబాబు. "ఎవురో సప్లయరు అంటగట్టి పోయినాడు. డబ్బా మీద అంకె ఎవురైనా ఏసుకుంటారు. దానికి నేను గ్యారంటీ ఇయ్యను. లోపల సెల్లులుంటే బరువు ఉండాల్సిందే గదా."

"నాకు చెప్పబాకు అబ్బయా. బరువుగా ఉండేది ఎప్పుడూ పచ్చిదే. నీళ్లు ఆరని కొయ్య బరువుగా ఉంటాది. దాంతో స్పూను జేస్తే నెల తిరక్కముందే నెర్రె ఇస్తాది. బాగా ఆరింది తేలిగ్గా ఉంటాది, తడితే గణగణమంటాది. నా చెయ్యి మోసపోదు."

"అమ్మీ, ఇది కొయ్య కాదు" అంది నజ్నీన్.

"ఏదైనా చేసేది మనిషే గదా" అంది ఖాదర్‌బీ.

అన్నేళ్లు చేతినే నమ్ముకుని బతికిన మనిషి. ఆ చెయ్యి కొయ్య విషయంలో ఎప్పుడూ తప్పు చెప్పలేదు, అందుకని ఇంకే విషయంలోనూ తప్పు చెప్పదనుకుంది. మనలో చాలామంది చేసే పనే ఇది, కాకపోతే మన చేతులు అంత మంచివి కావు. సురేంద్రబాబు తల ఊపుతూ తెల్లదాన్ని సంచిలో వేసి ఇచ్చాడు. ఇంటికి పోయి ప్లగ్గుకు పెడితే, చాయ్ మరిగి దిగేలోపల నాలుగు నీలం దీపాలూ వెలిగి కూర్చున్నాయి.

"చూసినావా? రాత్రంతా పెట్టాలన్నాడే ఆయన!" అని ఖాదర్‌బీ మురిసిపోయింది. నజ్నీన్ మాత్రం ఆ రాత్రి రెండు మూడుసార్లు లేచి ఆ దీపాల వంక అనుమానంగా చూసింది.

నెల్లూరు స్టేషన్లో పొద్దున రైలు వచ్చింది. రైలంటే ఇన్నేళ్లూ తాము అనుకున్న రైలే అనిపించింది ఖాదర్‌బీకి. రంగు మాత్రం వేరు. కిటికీ పక్క సీటు దొరికింది. ఆమె అక్కడ కూర్చోలేదు. చేతిరుమాలు మడిచి సీటు మీద పరిచి, ఫోనును కిటికీ ఊచలకు ఆనించి నిలబెట్టి, తను పక్కన కూర్చుని, నంబరు కలిపింది.

"ఎక్కినాం మే. నువ్వు కిటికీ పక్కన గూర్చున్నావు" అని చెప్పి, సంచిలోంచి ఆకురాయి తీసింది.

ఒంగోలులో ఎక్కిన ఒక పెద్దమనిషి ఖాళీగా ఉంది కదా అని ఆ సీటులో కూర్చోబోయాడు. "ఈడ మనిషి ఉండాది" అంది ఖాదర్‌బీ. ఎవరు అన్నట్టు చూశాడాయన. ఆమె ఫోను వైపు చూపించింది. లోపల్నుంచి ఎక్కడో ఆత్మకూరు వీధిలో ఒక కోడి కూసింది. ఆయన ఏమనుకున్నాడో ఏమో, ఎదురు సీటులో సర్దుకుని కూర్చున్నాడు. పై బెర్తులో మాత్రం నిండా దుప్పటి కప్పుకుని ఎవరో నిద్రపోతున్నారు. నజ్నీన్ తన ఫోనులో సినిమా మీద సినిమా చూసి విజయవాడ రాకముందే దాన్ని చంపేసింది.

ఆ పగలు ఖాదర్‌బీకి నిజమో, కలో తెలియలేదు. స్పూను మీద ఆకురాయి ఆడుతుంటే కింద పట్టాల చప్పుడు దానికి తాళం వేస్తోంది. ఎండ కిటికీలోంచి వచ్చి ఒళ్లో పడుతోంది, లేచిపోతోంది. తాటితోపులు వచ్చాయి, పొగాకు కాల్చే బ్యారన్లు వచ్చాయి. ప్రతి దానికీ తల ఎత్తి, ఇదివరకు ఒకసారి చూసినట్టే ఉందే అనుకుంది. చూసింది కదా, వసారాలో కూర్చుని ఎన్నిసార్లు చూసిందో. కృష్ణ మీద రైలు ఎక్కగానే చప్పుడు మారిపోయింది. ఆకురాయి ఆపి, ఫోనును తీసి కిటికీ బయటికి నీళ్ల వైపు పట్టుకుంది. పడిపోతుందని నజ్నీన్ ఆమె మణికట్టును రెండు చేతులతో పట్టుకుంది.

"వంతెన మీద ఉండాం మే. మనం అనుకున్నంత పెద్దది గాదు. అంతకన్నా పెద్దది."

"అత్త నవ్వుతాండాది" అంది అశ్విత. "నోరు ఒక పక్కకే పోతాండాది గానీ, నవ్వే."

మధ్యాహ్నానికి ఫోను నీరసించింది. ఖాదర్‌బీ ఘనంగా తెల్లటి పవర్ బ్యాంకు తీసి వైరు గుచ్చింది. నాలుగు దీపాలు వెలిగాయి. గంట గడిచినా నాలుగూ వెలుగుతూనే ఉన్నాయి. "చూడు, ఒక్కటి కూడా తగ్గలేదు" అని నజ్నీన్‌కు చూపించింది. ఆ డబ్బా మాత్రం రొట్టె పెనంలా వేడెక్కింది. వరంగల్లు దాటాక ఎండ పసుపురంగుకు తిరిగి, టేకుచెట్లు దగ్గరికి వచ్చాయి. చెట్ల మధ్య ఏదో వాగు మెరిసి మాయమైంది. ఖాదర్‌బీ దాని గురించే చెబుతోంది.

"మే, ఈడ అడవిలో..."

నాలుగు దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి. దాని వెనకే ఫోను కూడా నల్లబడింది.

నజ్నీన్ వైరు తీసి పెట్టింది, తిప్పి పెట్టింది, ఊది పెట్టింది. తమ సీటు దగ్గరి ప్లగ్గు నొక్కి చూస్తే అది ఎప్పుడో చచ్చిపోయి ఉంది. తలుపు దగ్గర ఒక్క ప్లగ్గు పనిచేస్తోందని తెలిసి పరుగెత్తింది కానీ, అక్కడ పెళ్లిలో బంతిభోజనానికి నిలబడ్డట్టు జనం ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి ఫోనైనా అడుగుదామంటే ఆత్మకూరు నంబరు తల్లీకూతుళ్లిద్దరికీ నోటికి రాదు. ఆమె తిరిగొచ్చి తల్లి మొహం చూసి, దెప్పుదామని నోటిదాకా వచ్చిన మాట మింగేసింది.

ఖాదర్‌బీ ఆ తెల్ల డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది. లోపల ఏదో చిన్నది గిలక్కాయలా కదిలింది. ఆ పైన అంతా ఖాళీ. కొయ్యకు బరువు పచ్చిదనం, ఆరిపోవాలి. దీనికి బరువే ప్రాణమని ఆ సెల్ షాపు ఆయన చెబుతూనే ఉన్నాడు. తన చెయ్యి తనను మోసం చేసింది. మోసం తనకైతే పోనీ అనుకునేది. కిటికీ ఊచలకు ఆనించిన ఫోను వంక చూసింది. అవతల పెంచలమ్మ చేతివేళ్లు చప్పుడు కోసం కాసేపు ఎదురుచూసి ఉంటాయి. తర్వాత నెమ్మదించి ఉంటాయి. తర్వాత దుప్పటి మీద ఆగిపోయి ఉంటాయి. కష్టపడి కదిలిన వేళ్లు ఒకసారి ఆగిపోతే మళ్లీ కదులుతాయని ఎవరు చెప్పగలరు?

"నేనే ఆపేసినా" అంది. నజ్నీన్ ఒళ్లో తల పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చింది. అంత అందమైన అడవి కిటికీలోంచి పోతూనే ఉంది, ఆమె చూడలేదు. చీకటి పడేసరికి తలుపు దగ్గరి ప్లగ్గు కూడా చచ్చిపోయింది. ఆ రాత్రి ఆమె కిటికీ సీటు మీద చేతిరుమాలు తీయలేదు, అక్కడ ఎవరినీ కూర్చోనివ్వలేదు.

తెల్లవారుజామున ఫజర్ వేళకు కూర్చునే నమాజు చేసుకుని కళ్లు తెరిచేసరికి పై బెర్తు దుప్పటి కదిలింది. నెల్లూరు నుంచి ముసుగు తన్ని పడుకున్న మనిషి కిందికి దిగాడు. జుట్టు చూస్తే మిలటరీ అని తెలిసిపోతోంది.

"ఏంది పెద్దమ్మా, ఏడ్చినట్టున్నావు?" అన్నాడు తెలుగులో, ఆమెకు బాగా తెలిసిన తెలుగులో.

అతనిది ఆత్మకూరుకు దగ్గరి కలువాయి, పేరు కోటేశ్వర్, సెలవు అయిపోయి డ్యూటీకి పోతున్నాడు. నజ్నీన్ సంగతంతా చెప్పింది. అతను తెల్ల డబ్బాను ఒకసారి చేతిలో పట్టుకుని, నవ్వబోయి, ఖాదర్‌బీ మొహం చూసి మానుకున్నాడు. తన సంచిలోంచి సొట్టలు పడ్డ నల్లటి పవర్ బ్యాంకు ఒకటి తీశాడు.

"నన్ను నిన్ననే లేపుండకూడదా పెద్దమ్మా? ఇదిగో, నిండుగా ఉండాది. బార్డర్లో కూడా ఇదే నాకు దిక్కు."

ఖాదర్‌బీ రెండు చేతులతో అందుకుంది. ఆ బరువుకు చేతులు కొంచెం కిందికి దిగాయి. "బిస్మిల్లా" అంది.

వైరు పెట్టాక ఫోను వెలగడానికి పట్టిన కాసేపూ ముగ్గురూ దాని వంకే చూస్తూ కూర్చున్నారు. బయట మంచు పొలాల మీద పాలమీగడలా పరుచుకుని ఉంది. సిగ్నలు వచ్చింది. ఖాదర్‌బీ నంబరు కలిపి, స్పీకరు పెట్టి, కిటికీ ఊచలకు ఆనించింది. అవతల ఎత్తారు, కానీ ఎవరూ మాట్లాడలేదు.

కర్... అని ఒక చప్పుడు వచ్చింది. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ, కర్...

ఖాదర్‌బీ తన చేతుల వంక చూసుకుంది. ఆకురాయి సంచిలోనే ఉంది.

"అశ్వితా, ఏందమ్మా అది?"

అశ్విత గుసగుసగా మాట్లాడింది, గట్టిగా అంటే ఏదో చెదిరిపోతుందన్నట్టు. "నిన్న మీ ఫోను కట్టయిపోయింది గదా. అత్త కాసేపు చూసింది. తర్వాత ఎడమచెయ్యి చాపింది. నీళ్లిస్తే తోసేసింది, దిండు సర్దితే తోసేసింది. నాకు అర్థం గాలే. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, అటక మీదున్న సంచి దించి ఆకురాయి చేతిలో పెట్టినాడు. అంతే. మంచం పట్టీని రాస్తాండాది. ఫోను కట్టయింది అత్తా, ఖాదర్‌బీ పెద్దామెకు ఇనపడదు అని నేనెంత చెప్పినా ఇనలే. ఆ ఆరిపోయిన ఫోనుకే దగ్గరగా పెట్టి రాస్తాండాది. మీరు ఆగిపోయినారని, మీకు ఇనిపించాలని."

ఖాదర్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నజ్నీన్ ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపింది. కర్... అని మళ్లీ వచ్చింది, ఎడమచేతి చప్పుడు, ఎగుడుదిగుడుగా, ఒకసారి గట్టిగా, ఒకసారి వినీ వినపడకుండా. అలవాటు కొద్దీ ఖాదర్‌బీ చెయ్యి సంచిలోకి పోయి ఆకురాయిని పట్టుకుంది. తర్వాత దాన్ని అక్కడే వదిలేసింది.

"పెంచలా, నువ్వు రాయి. నేను ఇంటాండా" అంది.

రైలు ఏదో ఊరి పక్కనుంచి పోతోంది. ఆ ఊరి పేరేమిటో ఆమె చూడలేదు. వాలి కూర్చుని కళ్లు మూసుకుంది. కిటికీ పక్క నుంచి చప్పుడు వస్తూనే ఉంది. కాసేపటికి సీటు మీద పెట్టిన ఖాదర్‌బీ వేళ్లు, ఆమెకు తెలియకుండానే, ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ముందుకీ వెనక్కీ కదలసాగాయి.